ఐదో కఫన్

ఖలందరుకు తను ఎప్పుడు చచ్చిపోతాడో తెలిసిపోయింది. ఎవరూ చెప్పలేదు. కూర్చుని తనే తేల్చుకున్నాడు.

నాయన హుసేనప్ప ముప్పై నాలుగో ఏట, ఇస్త్రీ పెట్టె చేతిలో ఉండగానే బల్ల మీదికి ఒరిగిపోయాడు. అన్న మౌలాలి కూడా సరిగ్గా ముప్పై నాలుగో ఏటే, స్నానానికి నీళ్లు తోడుకుంటూ తొట్టి పక్కన పడిపోయాడు. ఇద్దరికీ గుండె. ఇద్దరికీ ముందురోజు దాకా జలుబు కూడా లేదు. ఇప్పుడు ఖలందరుకు ముప్పై నాలుగో ఏడు నడుస్తోంది. అందులో ఎనిమిది నెలలు అయిపోయాయి. మిగిలింది నాలుగు నెలలేనని అతను గట్టిగా నమ్మాడు. అంత గట్టిగా ఒక్క మంచి సంగతి నమ్మి ఉంటే బాగుపడేవాడు.

గంగసానిపేట బస్టాండు రోడ్డులో అతనిది టైలరు షాపు. మనిషి గడప దాటి లోపలికొచ్చి బెంచీ మీద కూర్చునేలోపు ఖలందరు కళ్లతోనే కొలత తీసేసేవాడు. మెడలో టేపు వేలాడేది గానీ అది అలంకారానికే. పన్నెండేళ్లలో ఒక్క చొక్కా, ఒక్క పైజామా వదులని గానీ బిగువని గానీ వెనక్కి రాలేదు. చుట్టుపక్కల ఊళ్లలో చూపుకొలత ఖలందరు అంటే తెలియనివాళ్లు లేరు.

అలాంటి మనిషి ఈ ఎనిమిది నెలల్లో ఎలా అయ్యాడంటే, మిషను తొక్కుతూ తొక్కుతూ ఆగి మణికట్టు పట్టుకుని నాడి చూసుకునేవాడు. టీలో చక్కెర మానేశాడు. మాంసం మానేశాడు. పండక్కి కావాలని ఎవరైనా నెల ముందే గుడ్డ తెస్తే, అప్పటి సంగతి అప్పుడు చూద్దాంలే అని తిప్పి పంపేసేవాడు. రాత్రి పడుకునే ముందు తన గది తలుపు గొళ్లెం పెట్టేవాడు కాదు, పొద్దున్నే తలుపు పగలగొట్టాల్సిన పని జనానికి పెట్టడం ఎందుకని.

ఇవన్నీ ఒక ఎత్తు, రమీజా సంగతి ఒక ఎత్తు.

పరుపులు కుట్టే మస్తానయ్య కూతురు రమీజాతో అతనికి నిఖా ఖాయమై ఏడాది దాటింది. మొదటి ఆర్నెల్లూ ఖలందరే తొందరపెట్టాడు. ముప్పై నాలుగులో పడ్డాక మొహర్రం నెల అన్నాడు. మొహర్రం అయ్యాక సఫర్ నెల మంచిది కాదన్నాడు. సఫర్ కూడా వెళ్లిపోయాక మిషను రిపేరన్నాడు. అసలు సంగతి ఇంట్లోనే ఉంది. అన్న పోయినప్పుడు వదినకు ఇరవై ఎనిమిదేళ్లు. నల్లపూసలు తీసేసిన మెడతో ఆమె పొద్దున్నే వాకిలి ఊడుస్తుంటే ఖలందరు అటువైపు చూడలేకపోయేవాడు. రమీజాను ఆ వాకిట్లో అలా ఊహించుకున్నప్పుడల్లా అతనికి అన్నం దిగేది కాదు. పోనీ కాదని చెప్పేద్దామా అంటే ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయేది. ఆ పిల్లంటే అతనికి ప్రాణం.

చివరికి మస్తానయ్యకే విసుగొచ్చింది. ఒకరోజు షాపు ముందు సైకిలు ఆపి, దిగకుండానే చెప్పాడు.

"ఈ శుక్రవారం జుమ్మా నమాజుకు మసీదు కాడికొస్తా. ఔనో కాదో ఆడనే చెప్పెయ్యప్పా. కాదంటే కదిరి సంబంధం ఉంది, వాళ్లకు మాటియ్యాల."

అప్పటికి సోమవారం. ఖలందరు షాపు మూసి గుట్టకు బయలుదేరాడు.

గుట్ట మీద చిన్న దర్గా. దాన్ని చూసుకుంటూ జమాల్‌షా పీర్‌సాబు ఉండేవాడు. ఎనభై రెండేళ్లు, ఆరడుగుల పైచిలుకు. వంగితే తప్ప ఏ గుమ్మంలోనూ పట్టడు. తొమ్మిదేళ్ల కింద ఖలందరు ఆయన చేతిలో చెయ్యి పెట్టి శిష్యుడయ్యాడు. అప్పటినుంచీ ప్రతి గురువారం నూట పది మెట్లూ ఎక్కి వచ్చి దర్గా ముంగిలి ఊడ్చేవాడు. ఆ సోమవారం మాత్రం పది మెట్లకొకసారి కూర్చుని, నాడి చూసుకుని, లేచి, మళ్లీ కూర్చున్నాడు. మేకలు తోలుకొచ్చే ముసలాయన ఒకడు అతన్ని రెండుసార్లు దాటిపోయాడు, ఎక్కేటప్పుడొకసారి, దిగేటప్పుడొకసారి.

పీర్‌సాబు వసారాలో చాప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాడు.

"సామీ, నాకొక తావీజు కట్టండి," అన్నాడు ఖలందరు.

"దేనికి నాయనా?"

"ఈ ఏడు గడిచేకి."

"ఆ పై ఏటికి?"

ఖలందరు దాన్ని గురించి ఆలోచించలేదు. "ముందు ఇదొకటి గడవనీ సామీ," అని, నాయన సంగతి, అన్న సంగతి, మస్తానయ్య పెట్టిన గడువు అంతా చెప్పుకున్నాడు.

పీర్‌సాబు అంతా విన్నాడు. తర్వాత చిక్కుళ్ల గిన్నె పక్కనపెట్టి లోపలికి వెళ్లి ఒక చెక్కపెట్టె లాక్కొచ్చి మూత తీశాడు. కర్పూరం వాసన గుప్పుమంది. పెట్టెలో ఏమీ లేదు.

"చూడు, ఖాళీ," అన్నాడు. "పోయిన వారం బస్టాండు కాడ ఎవరో పరదేశి పోయినాడు. కప్పేకి గుడ్డలేదని వచ్చి అడిగితే నాది ఇచ్చేసినా."

ఆయన తను పోయాక కప్పాల్సిన కఫన్ తనే సిద్ధం చేసి పెట్టుకుంటాడని ఊళ్లో అందరికీ తెలుసు. అది ఆయన దగ్గర నిలవదని కూడా తెలుసు. దిక్కులేని చావు ఎక్కడ జరిగినా పెట్టె ఖాళీ అయ్యేది.

"నా బట్టలేసుకుని ఇప్పటికి నలుగురు పోయినారు," అని పీర్‌సాబు నవ్వాడు. "నేనే పోలేదు. ఇదిగో, ఐదోది నువ్వు తయారు చెయ్యి. కత్తిరించేకి నీకంటే మంచోడు యాడ దొరుకుతాడు నాకు?"

తెల్లగుడ్డ మడత తెచ్చి అతని ఒళ్లో పెట్టి మళ్లీ చిక్కుళ్ల ముందు కూర్చున్నాడు. తాయెత్తు మాట ఎత్తలేదు. ఖలందరు కాసేపు చూశాడు. ఇంకాసేపు చూశాడు. బతకడానికి దారి అడగబోతే చచ్చినవాళ్ల గుడ్డ చేతికిచ్చాడే ఈయన అని మనసు చివుక్కుమంది. అయినా గురువు చెప్పిన పని. గుడ్డ చంకలో పెట్టుకుని మెట్లు దిగిపోయాడు.

రెండురోజులు ఆ మడత షాపులో బల్ల కిందే పడి ఉంది. బుధవారం మధ్యాహ్నం ఇంక తప్పదని తీశాడు. కఫన్‌కు కుట్టుపని ఉండదు. మగమనిషికి మూడు ముక్కలు. నడుముకు ఒకటి, మెడ దగ్గర చీలిక పెట్టి భుజాల నుంచి కిందికి ఒకటి, అన్నిటి మీదా కప్పడానికి పొడుగు చాదరు ఒకటి. ఆ చాదరు మాత్రం తలవైపు జానెడు, కాళ్లవైపు జానెడు ఎక్కువ ఉండాలి, ముడి వెయ్యడానికి. కొలతకు ఎవరినీ పిలవాల్సిన పనిలేదు. తొమ్మిదేళ్లుగా చూస్తున్న మనిషే.

కత్తెర పట్టుకున్నాడు. ఇది నాయనకు ఎవరు కత్తిరించారో, అన్నకు ఎవరు కత్తిరించారో అనుకున్నాడు. మరి కొన్నాళ్లకు నాకెవరో అనుకుని, ఆ ఆలోచన అక్కడే తుంచేశాడు. ఆ తర్వాత చేతులు వాటంతట అవే పనిచేసుకుపోయాయి. కత్తెర ఒక్కచోట కూడా తడబడలేదు.

గురువారం మధ్యాహ్నం ఆ మూడు ముక్కలూ మడిచి పట్టుకుని మళ్లీ గుట్టెక్కాడు. గురువారాలు దర్గాలో వచ్చినవాళ్లకు అన్నం పెడతారు. బీబమ్మవ్వ అని ఒక ముసలామె ఏళ్లుగా ఆ వంట చేస్తోంది. ఖలందరును చూడగానే గరిటె చేత్తోనే ఎదురొచ్చింది.

"నిన్న సంతలో రమీజా కనపడింది రా. నీ సంగతంతా మీ వదిన చెప్పేసిందంట ఆ పిల్లకు."

ఖలందరు తెల్లబోయాడు. "ఏమనింది?"

"ఏమంటాది? చచ్చేదాంక బతికేకి ఆయప్పకు ఏం నొప్పంట, అడుగవ్వా అనింది. అడుగుతాండా. చెప్పు."

ఖలందరుకు కోపం రావాల్సింది. సిగ్గేసింది. తల వంచుకుని వసారాలోకి నడిచి గుడ్డల మడత పీర్‌సాబు ముందు పెట్టాడు.

పీర్‌సాబు మడత విప్పి, అంచులు వేళ్లతో తడిమి చూసి, "బాగా కత్తిరించినావు," అన్నాడు. తర్వాత చాప మీద వెల్లకిలా పడుకుని కాళ్లు చాపాడు. "కప్పు."

"అట్ల వద్దు సామీ! బతికుండే మనిషికి కప్పకూడదు."

"టైలరువు గదా. ట్రయల్ చూడకుండానే ఇస్తావా?"

బీబమ్మవ్వ పొయ్యి దగ్గర్నుంచే బుగ్గలు నొక్కుకుంది. ఖలందరు పొడుగు చాదరు తీసి, తలవైపు ముడికని జానెడు వదిలి, గురువు ముఖం మీదుగా, రొమ్ము మీదుగా కిందికి లాక్కుంటూ వచ్చాడు. మోకాళ్లు దాటాక గుడ్డ అయిపోతూ వచ్చింది. చీలమండల దగ్గర పూర్తిగా అయిపోయింది. పగుళ్లు బారిన పెద్ద పెద్ద పాదాలు రెండూ బయటే ఉన్నాయి.

ఖలందరు పాదాలు కప్పి, ముడికి జానెడు మిగిలేలా ఇంకోసారి లాగాడు. తల బయటికొచ్చింది.

"ఏం నాయనా, గాలి తగుల్తాంది కాళ్లకు," అన్నాడు పీర్‌సాబు గుడ్డ కిందనుంచి.

"గుడ్డ కుదించుకున్నట్టుంది సామీ."

"తడిపినావా?"

"లేదు."

పీర్‌సాబు లేచి కూర్చున్నాడు. "మరి ఎవురి కొలత ఇది?"

పన్నెండేళ్లలో ఒక్కసారి తప్పని కొలత. ఖలందరు ఆ చాదరు వంక చూస్తూ నిలబడిపోయాడు. అతను అయిదడుగుల మనిషి. అయిదడుగులు, పైన జానెడు, కింద జానెడు. టేపు తియ్యనక్కరలేదు. అతని కళ్లు ఆ గుడ్డను ఒక్కసారి కొలిచాయి, అంతే.

పీర్‌సాబు చాప మీదనుంచి లేచి పక్కకు జరిగాడు. "పండుకో," అన్నాడు.

ఖలందరుకు పరిగెత్తాలనిపించింది. నూట పది మెట్లూ ఒక్క దూకులో దిగి షాపులో దూరి తలుపేసుకోవాలనిపించింది. కానీ తొమ్మిదేళ్లుగా ఆ మనిషి చెప్పింది ఏదీ అతను కాదనలేదు. పడుకున్నాడు.

పీర్‌సాబు మోకాళ్ల మీద కూర్చుని తన చేతులతోనే చాదరు కప్పాడు. తలవైపు జానెడు మిగిలింది. కాళ్లవైపు సరిగ్గా జానెడు మిగిలింది. ఎక్కడా ముడత లేదు. ఖలందరు జీవితంలో తనకోసం అంత కుదురుగా ఏ బట్టా కత్తిరించుకోలేదు.

గుడ్డ కిందికి వెలుతురు తెల్లగా, పలచని మజ్జిగలాగా వచ్చింది. గుండె దడదడ కొట్టుకుంటోంది. ఎనిమిది నెలలుగా దానికి కాపలా కాస్తున్నాడు, ఎప్పుడు ఆగుతుందా అని. ఇప్పుడు ఆగుతుంది, ఇదే ఆ ఘడియ అనుకుని కళ్లు మూసుకున్నాడు. ఆగలేదు. మళ్లీ కొట్టుకుంది. ఇంకోసారి కొట్టుకుంది. చాలాసేపు అలా విన్నాక విసుగేసి వినడం మానేశాడు.

అప్పుడు మిగతావన్నీ వినపడ్డాయి. కింద రోడ్డు మీద కదిరి బస్సు హారను. మెట్ల మీద మేకల గిట్టలు. బీబమ్మవ్వ గరిటె బాన అంచుకు కొట్టిన చప్పుడు. దాల్చా పప్పులో తాలింపు వేసినట్టుంది, వాసన గుడ్డ దాటి వచ్చింది.

నేను పోతే ఇవేవీ ఆగవు కదా అనుకున్నాడు. విచిత్రంగా ఆ మాటకు భయం వెయ్యలేదు, ప్రాణం కుదుటపడింది.

ఇంతకీ పోతే ఏం పోతుందని వెతుక్కున్నాడు. గొప్పవేమీ తట్టలేదు. పోయిన ఏడాది ఉరుసులో గాజుల అంగడి దగ్గర రమీజా గుర్తొచ్చింది. పదిమందిలో అతన్ని నిలదీసి, "అంతా చూపుకొలతంట గదా, నా చేతి కొలత చెప్పు చూద్దాం," అంది. అతను తలెత్తకుండానే "రెండూ ఆరు" అన్నాడు. ఆమె ఆ సైజు గాజులు కొని వేసుకుంది. సరిగ్గా సరిపోయాయి. "నా చేతులెప్పుడు చూసినావప్పా నువ్వు," అని ముఖం ఎర్రగా చేసుకుని వెళ్లిపోయింది. ఆ రోజంతా ఖలందరు నేల మీద నడవలేదు. ఈ ఎనిమిది నెలల్లో అది ఒక్కసారైనా గుర్తు రాలేదు. నాడి గుర్తుంది, నెలలు గుర్తున్నాయి, ఆ పిల్ల చెయ్యి మర్చిపోయాడు.

గుడ్డ కింద ఖలందరు ఏడ్చాడు. చావు తలుచుకుని కాదు. చేతికొచ్చిన ఎనిమిది నెలలు తినకుండా పారబోసుకున్నాడే, దానికి ఏడ్చాడు. ఎంతసేపు ఏడ్చాడో అతనికే తెలియదు.

ఏడ్చేటప్పుడు ముక్కుతో గట్టిగా పీల్చేసరికి కొత్తగుడ్డ గంజి పొడి లోపలికి పోయింది. ముక్కులో గిలి పుట్టింది. ఆపుకుందామని చూశాడు. ఆగేదా అది? వసారా దద్దరిల్లేలా తుమ్మాడు. చాదరు ముఖం మీద నుంచి ఎగిరి మళ్లీ పడింది.

తుమ్మగానే దేవుడికి కృతజ్ఞత చెప్పుకోవడం చిన్నప్పటినుంచీ నోటికి అలవాటు. కఫన్ కిందనుంచే ఖలందరు "అల్‌హందులిల్లా" అన్నాడు.

"యర్‌హముకల్లా," అన్నాడు పీర్‌సాబు. తుమ్మినవాడికి దేవుడి దయ కలగాలని పక్కవాళ్లు చెప్పే జవాబు అది. వీధిలో ఎవరైనా తుమ్మితే ఎలా అంటారో ఆయనా అలాగే అన్నాడు.

"వామ్మో, శవం తుమ్మిందే!" అని బీబమ్మవ్వ గరిటె కింద పడేసింది.

ముందు నవ్వింది ఎవరో చెప్పడం కష్టం. పీర్‌సాబు అంత పొడుగు మనిషీ గోడకు ఆనుకుని, పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. ఖలందరు లేచి కూర్చున్నాడు. కఫన్ ఒళ్లో పడి ఉంది. ముఖమంతా కన్నీళ్లు, చీమిడి, గంజి పొడి. ఆ ముఖంతోనే అతనూ నవ్వడం మొదలుపెట్టాడు. ఎనిమిది నెలలుగా రొమ్ములో ఉండలా గడ్డకట్టుకుని ఉన్నది కరిగి నవ్వుగా బయటికొచ్చింది. నవ్వి నవ్వి ఎక్కిళ్లు పట్టుకున్నాయి. నాడి చూసుకోవాలని అతనికి తట్టనే లేదు.

"అవ్వా," అన్నాడు ఆయాసపడుతూ, "ఆకలైతాంది."

బీబమ్మవ్వ కళ్లు ఒత్తుకుంటూ ఆకు వేసింది. కుష్కా అన్నం పెట్టింది. దాల్చా పోసింది. అందులో మాంసం ముక్కలు పక్కకు జరపబోతే ఖలందరు ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఆ ఎముక కూడా ఎయ్యి అవ్వా." మూడుసార్లు పెట్టించుకున్నాడు. నాలుగోసారి ఆమే వద్దంది. "నిదానంగా తిను రా. యాడికీ పోవులే," అని దబాయించింది.

అతను తినేలోపు పీర్‌సాబు ఆ మూడు ముక్కలూ మడతపెట్టాడు. కొసలు సరిచూసి, మడత మీద మడత వేసి, చేతులు కడుక్కుని వచ్చిన ఖలందరుకు ఇచ్చాడు.

"ఇది నీది. ఇంటికి తీసకపోయి పెట్టె అడుగున పెట్టుకో. అది అయిపోయిన పని."

ఖలందరు రెండు చేతులా తీసుకున్నాడు. మొన్న మెట్లు దిగేటప్పుడు చంకలో ఎంతో బరువనిపించిన గుడ్డే అది. ఇప్పుడు అయిదారు మీటర్ల మామూలు మల్లుగుడ్డ, అంతే.

పీర్‌సాబు మూలనున్న ఇంకో తెల్లగుడ్డ మడత తెచ్చి చాప మీద పెట్టాడు. చేతులు రెండూ చాపి, వీపు నిటారుగా పెట్టి ఎదురుగా నిలబడ్డాడు.

"ఇంక నాది మిగిలింది. ఈసారి టేపుతో కొలువు."

ఖలందరు మెడలో టేపు తీశాడు. పీర్‌సాబు తల అందక తిన్నె ఎక్కి నిలబడాల్సి వచ్చింది. నడినెత్తి నుంచి మడమ దాకా జాగ్రత్తగా కొలిచాడు. నమ్మకం చాలక ఇంకోసారి కొలిచాడు. జేబులో పెన్సిలు తీసి గుడ్డ అంచు మీద అంకె రాసుకున్నాడు. అతను కొలత రాసుకోవడం పన్నెండేళ్లలో అదే మొదలు.

"ఎప్పటికిస్తావు?" అన్నాడు పీర్‌సాబు. ఏ టైలరునైనా ఎవరైనా అడిగేదే.

ఖలందరు టేపు చుట్టుకున్నాడు. రేపు జుమ్మా. మసీదు మెట్ల దగ్గర మస్తానయ్య నిలబడి ఉంటాడు.

"లేటైతాది సామీ," అన్నాడు. "ముందు పెళ్లిబట్టలు కుట్టుకోవాల."

పీర్‌సాబు మళ్లీ చాప మీద కూర్చున్నాడు. పొడుగాటి కాళ్లు హాయిగా ముందుకు చాపుకున్నాడు.

"కుట్టుకో నాయనా," అన్నాడు. "నాకేం తొందరలేదు."